గండం తప్పించిన తప్పన్న స్వామి

నల్లమల అంచున గుండ్లవాగు రెండుగా చీలే చోట ఎర్రరాతి మిట్ట ఒకటి ఉంది. ఆ మిట్ట మీద, నాలుగు స్తంభాల చిన్న మండపం కింద, మోకాలెత్తు రాతి రూపంలో కొలువై ఉన్న దేవుడే తప్పన్న స్వామి. మండపం ముందున్న శిలాఫలకం మీద మాత్రం 'శ్రీ లక్ష్యచ్యుతేశ్వర స్వామి వారి దేవస్థానం' అని చెక్కి ఉంటుంది. అది ఎనభై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చిన ఒక పండితుడు ఎంతో భక్తితో పెట్టిన పేరు. ఆ పేరు చెప్పి బస్సులో టిక్కెట్టు అడిగితే కండక్టరు తెల్లమొహం వేస్తాడు. 'తప్పన్న గుడికి' అంటే చాలు, చింతతోపు దగ్గర ఆపి, వాగులో నాచు ఉంటుంది, చూసి దిగండి అని కూడా చెబుతాడు.

స్వామికి కన్నూ ముక్కూ తీర్చి లేవు. చేతులు లేవు. కుడి భుజం అనుకోదగిన చోట వేలెడు సందున్న చీలిక ఉంది. అందులో తుప్పు పట్టిన బాణపు ములికి ఒకటి దిగబడి ఉంటుంది. మొదటిసారి వచ్చిన భక్తులు దాన్ని చూసి, దేవుడి మీద బాణం వేసిన పాపాత్ముడెవరని అడుగుతారు. తప్పు అనే మాటతో దేవుడికి పేరేమిటని కూడా అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. పెద్దలు చెప్పుకొస్తున్న ఆ వృత్తాంతాన్ని భక్తుల సౌకర్యార్థం ఇక్కడ వివరిస్తున్నాము.

పూర్వం ఇక్కడ మండపం లేదు, మెట్లు లేవు, మిట్టకు పేరు కూడా లేదు. వాగుకు ఈవల నెమలిగుట్ట గూడెం, ఆవల దుప్పుల మందలు. గూడెంలో నలభై గుడిసెలు. ఆ నలభై గుడిసెలకూ పెద్ద వేటగాడు తోకల గురవన్న.

గురవన్న విల్లు ఆయనకంటే జానెడు పొడుగు. ముదురు వెదురు నరికి, పొయ్యి మీద పొగ చూరేలా ఏడాదిపాటు వేలాడదీసి, వంచిన విల్లు అది. దానికి వెదురు పేళ్లతో పేనిన నారి. బాణాల వెనక నెమలీకలు. ఆ విల్లు పట్టిన ఇరవై ఏళ్లలో ఆయన బాణం ఒక్కటైనా పొల్లుపోలేదు. గూడెంలో ఇద్దరికి మాట వస్తే 'గురవన్న గురి మీద ఒట్టు' అనేవారు. ఆ ఒట్టు వేశాక ఎవరూ అబద్ధం ఆడేవారు కారు.

ఆ కీర్తి అంతా గురవన్న మీసంలో ఉండేది. దుప్పి పడ్డ ప్రతిసారీ ఆయన మీసాన్ని ఒక మెలిక తిప్పేవాడు. తిప్పి, "ఈ గురవన్న గురి తప్పిన రోజున ఈ మీసం..." అని మొదలుపెట్టేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నారో గాని, "...నీ మొహాన ఉండదు, తెలుసులే" అని గూడెం వాళ్లే పూర్తిచేసేవారు.

ఇలా ఉండగా గురవన్నకు యాభయ్యో ఏడు వచ్చింది. దూరపు వస్తువులు పొగలోంచి చూసినట్టు కనిపించసాగాయి. పచ్చి కట్టెలు పెడుతున్నావని మొదట్లో భార్య ఈదమ్మను తిట్టాడు. కట్టెలు ఎండినవే. తర్వాత మంచు కమ్మిందన్నాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ మాటా చెల్లలేదు. దాంతో ఈ మధ్య కొండలే మసకబారాయని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కళ్లు మసకబారాయన్న మాట మాత్రం తనలో తాను కూడా అనుకోలేదు.

ఒకనాడు ఆయన దారి పక్కన ఒంటరిగా కూర్చున్న బావమరిది బయ్యన్నను చూసి, "ఏం బయ్యా, ఎండలో ఒక్కడివే కూర్చున్నావేం?" అని పలకరించాడు. జవాబు లేదు. మళ్లీ పలకరించాడు. ఉలుకూ పలుకూ లేదు. గురవన్నకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి, ఇక నీ తమ్ముడితో నాకు మాటల్లేవని ఈదమ్మతో తెగేసి చెప్పాడు. ఆ తర్వాత రెండు రోజులు బయ్యన్న ఎదురుపడి "బావా" అన్నా మొహం తిప్పుకున్నాడు. పాపం బయ్యన్న తను చేసిన తప్పేమిటో తెలియక ఒక ముంత తేనె తెచ్చి ఇచ్చి రాజీపడ్డాడు. ఈదమ్మ మర్నాడు ఆ దారిన వెళ్లి చూసింది. అక్కడ మనిషెత్తు చీమలపుట్ట ఉంది.

ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భర్తకు కూడా చెప్పలేదు. ఆనాటి నుంచి వేటకు ఆయనతో బయలుదేరడం మొదలుపెట్టింది. గడ్డలు తవ్వడానికి వస్తున్నా, చెట్ల బంకకు వస్తున్నా అని ఏదో ఒక వంక. అడవిలో నాలుగడుగులు ముందు నడుస్తూ, ఉన్నట్టుండి నిలబడి, "అబ్బ, ఆ నల్లమద్ది ఎడమ పక్క కొమ్మ కింద ఎంత లావు దుప్పి!" అని తనలో తాను గొణుక్కున్నట్టు అనేది.

"నాకు కనపడదా? నోరు మూసుకో, బెదురుతుంది" అనేవాడు గురవన్న. అని, నల్లమద్ది ఎడమ పక్క కొమ్మ వైపు చెవి పెట్టి, ఆకుల అలికిడి పట్టుకుని బాణం వేసేవాడు. దుప్పి పడేది. ఆయన మీసం మెలిక తిప్పేవాడు. ఆవిడ గంప ఎత్తుకునేది. రెండేళ్లు సంసారమూ వేటా ఇలాగే సాగాయి. ఆమెకు తెలుసని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు.

గూడెంలో ఏటా చైత్రమాసంలో అడవితల్లికి పెద్ద వేట జరిగేది. ఆనాటి మొదటి దుప్పిని పెద్ద వేటగాడే ఒక్క బాణంతో కొట్టి తేవాలి. తేలేకపోతే పెద్ద విల్లు మరొకరి చేతికి పోతుంది. అది ఆనాటి కట్టుబాటు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దుప్పులు లోపలి కొండలకు తరలిపోయాయి. గూడెంలో పిల్లలు ఆకలికి మధ్యాహ్నాలు పడుకునేవారు. ఇక బయ్యన్న పెద్ద విల్లు వంక చూసే చూపు రోజురోజుకూ ముదురుతోంది.

పెద్ద వేట రోజు తెల్లవారుతూనే బయ్యన్న వచ్చి గురవన్న గుడిసె ముందు నిలబడ్డాడు.

"బావా, నేనూ నీతో వస్తా. దుప్పిని మోయడానికి మనిషి కావాలి గదా."

"నీ అడుగుల చప్పుడుకు దుప్పులేంది, కొండలే లేచి పోతాయి. నువ్వు రావద్దు."

అప్పుడే ఈదమ్మ గంప పట్టుకుని బయటికి వచ్చింది. "అయితే నేనొస్తాలే. గడ్డలకు ఎట్లాగూ పోవాల."

బయ్యన్న అక్క మొహం చూశాడు, బావ మొహం చూశాడు. ఆ చూపులో ఏదో అనుమానం గురవన్నకు తోచింది. మసక కళ్లకైనా అంత దగ్గరి చూపు అందుతుంది. ఆయన గొంతు పెంచాడు.

"వేటకు ఆడదాని కళ్లు నాకెందుకు? నా కళ్లు నాకు లేవా?"

ఈదమ్మ గంప కింద పెట్టింది. రెండేళ్లుగా ఎండలో ముందు నడిచిన మనిషి ఆమె. "సరేనయ్యా. నీ కళ్లతోనే పో" అని లోపలికి వెళ్లిపోయింది.

గురవన్న విల్లు భుజాన వేసుకుని గూడెం దాటాడు. దాటాక గాని తన నోటి నుంచి వచ్చిన మాట ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక్కి తిరిగి వెళ్లాలనిపించింది. కాని బయ్యన్న చూస్తుంటాడు. ముందుకే నడిచాడు.

ఇక్కడ చీర సంగతి ఒకటి చెప్పవలసి ఉంది. శివరాత్రి సంతలో గురవన్న రెండు కుండల తేనె ఇచ్చి భార్యకు ఒక చీర తెచ్చాడు. అంగడిలో పైన వేలాడుతున్న ఇటుక రంగు చీర, దూరం నుంచే ముచ్చటగా ఉందని తెచ్చాడు. దాని నిండా తెల్లని చుక్కలున్నాయని ఆయనకు కనిపించలేదు. ఈదమ్మ ఆ చీరను అడవితల్లి జాతరకు కడదామని దాచుకుంది. ఆనాటి ఉదయం ఆమెకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆయన తెచ్చిన చీరకు మట్టి అంటితే అంటనీ, ముళ్లు గీరితే గీరనీ అనుకుని, దాన్నే కట్టుకుని, గడ్డపలుగు పుచ్చుకుని వాగు దాటింది. పెద్ద వేటగాడికి దుప్పి దొరికినా దొరక్కపోయినా పొయ్యి మీద ఏదో ఒకటి ఉడకాలి గదా.

గురవన్న పొద్దెక్కేదాకా తిరిగాడు. గాలికి ఎదురు నడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని, గిట్టల గుర్తులను వేళ్లతో తడిమి చూశాడు. ఒకచోట తడి ఆరని గుర్తు దొరికింది. అది వాగు దాటి ఈ మిట్ట వైపు నడిచింది. ఆయన మిట్ట ఎక్కి, ఇప్పచెట్టు నీడన నిలబడి, చెమట తుడుచుకుని, వాలు కిందికి చూశాడు.

పొద కనిపించింది. పొదలో ఇటుక రంగు కనిపించింది. దాని మీద తెల్లతెల్లగా ఏవో మెరిశాయి. తల వంచి ఉంది. చర్రు చర్రుమని నేల గీరుతున్న చప్పుడు వచ్చింది. దుప్పి నేలను తవ్వడం ఆయన ఎన్నడూ వినలేదు. కాని కరువు కాలం. మనుషులే గడ్డలు తవ్వుకుంటుంటే దుప్పి తవ్వకూడదా అనుకున్నాడు. ఎవరి కళ్లూ లేకుండా, తన సొంత కళ్లతో పట్టుకున్న దుప్పి! ఈదమ్మకు ఈ సంగతి చెప్పాలి, ఆ వెంటనే పొద్దున అన్న మాటకు ఏదో ఒకటి చెప్పి ఆమె కోపం పోగొట్టాలి. ఈ ఆలోచనతో ఆయన గుండె తేలికపడింది.

బాణం తొడిగాడు. నారిని చెవిదాకా లాగాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆయనకు తన గురి మీద కొంచెం అనుమానం వచ్చింది. అందుకని ఎన్నడూ లేనిది దేవుణ్ని తలుచుకున్నాడు.

"ఈ మిట్ట మీద ఏ దేవుడు ఉన్నావో నాకు తెలియదు సామీ. ఉంటే విను. ఈ ఒక్క బాణం తప్పనియ్యొద్దు. ఇంకెప్పుడూ నిన్ను ఏమీ అడగను."

అసలు దుప్పి ఆ సమయంలో ఎక్కడున్నదంటే, ఆయన వెనకే ఉంది.

అది కొమ్ములు తిరిగిన పోతు దుప్పి. ఎండకు పులిసిన ఇప్పపూలు పొద్దుటి నుంచీ మేసి మేసి, భయమనేది మరిచిపోయిన స్థితిలో ఉంది. ఎవరో పెద్దమనిషి వచ్చి తన చెట్టు కింద నిలబడ్డాడు. ఏం చేస్తున్నాడో చూద్దామని దగ్గరికి వచ్చింది. ఆయన భుజం మీదుగా మెడ చాచి, ఆయన చూస్తున్న వైపే అదీ చూసింది. బాణం వెనకనున్న నెమలీక దాని ముక్కుకు తగిలింది.

దుప్పి గురవన్న మెడ మీద గట్టిగా తుమ్మింది.

గురవన్న ఎగిరిపడ్డాడు. నారి జారింది. బాణం సయ్యిమని పోయింది. వెంటనే ఖంగుమని రాతి మీద మోగింది. ఇరవై ఏళ్లలో తన బాణం వెళ్లాక అలాంటి చప్పుడు ఆయన ఎన్నడూ వినలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఏదో ఎర్రటి ఆకారం తూలుకుంటూ పొదల్లోకి పోతోంది. ఆయన చెయ్యి తనంతట తానే మీసం మీదికి వెళ్లింది. అయిపోయింది. మీసమూ పోయింది, విల్లూ పోయింది.

అంతలో పొదలోని దుప్పి లేచి నిలబడింది. రెండు కాళ్ల మీద నిలబడింది. దాని చేతిలో గడ్డపలుగు ఉంది. అది మిట్ట ఎక్కుతూ, "ఏ సచ్చినోడురా బాణం ఏసింది? కండ్లా, గుండు రాళ్లా అవి?" అని అరిచింది.

గురవన్న విల్లు పారేసి బోర్లా పడ్డాడు.

"తల్లీ! అడవితల్లీ! దుప్పి రూపంలో నడిచొచ్చినావా తల్లీ! తెలియక ఏసినా, కాచుకో!"

"నీ మొగం! నేను ఈదమ్మను."

"మా ఈదమ్మ గొంతుతో మాట్లాడతాండావా తల్లీ!"

"ఓరి దేవుడా! గొంతే కాదు, మనిషినీ నేనే. లే పైకి. తల ఎత్తి చూడు."

గురవన్న తల ఎత్తాడు. మూడడుగుల దూరంలో చెమట పట్టిన ఈదమ్మ మొహం స్పష్టంగా కనిపించింది. ఆయన కళ్లు ఆమె చీర మీదికి దిగాయి. చెయ్యి చాచి ఒక తెల్లని చుక్కను వేలితో తాకాడు. ఆ పక్కనున్న మరో చుక్కను తాకాడు.

"ఈ చుక్కలు ఎప్పుడొచ్చినాయి?"

"నువ్వు కొన్న రోజు నుంచీ ఉండాయి" అన్నది ఈదమ్మ.

గురవన్న లేచి వాలు దిగాడు. పొద పక్కన మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. దాని చీలికలో తన బాణం దిగబడి ఉంది. నెమలీక ఇంకా అదురుతోంది. రాయి పక్కనే సగం తవ్విన గుంట, గుంట పక్కన ఈదమ్మ మోకాళ్లు ఆనిన గుర్తులు. ఆయన ములికి నుంచి గుంట దాకా జానతో కొలిచాడు. ఒక జాన. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. ఒక్క జానే. మూడోసారి కొలవలేకపోయాడు. అక్కడే కూలబడి, రాతిని రెండు చేతులా వాటేసుకుని, చిన్నపిల్లవాడిలా బావురుమన్నాడు.

అప్పటిదాకా కోపంతో నిలబడి ఉన్న ఈదమ్మకు ఆ జాన దూరం అప్పుడు కనిపించింది.  ఆయన పక్కనే చతికిలబడి, కొంగుతో ఆయన మొహం తుడిచి, అదే కొంగుతో తన మొహమూ తుడుచుకుంది. ఆ రాతి దగ్గరే కూర్చుని, ఆనాటి చీమలపుట్ట సంగతి మొదటిసారి ఆయనకు చెప్పింది.

ఇంతలో వాగు వైపు నుంచి బయ్యన్న వచ్చాడు. రావద్దన్నా చాటుగా వెంట వచ్చాడు గాని, వాగు నాచులో రెండుసార్లు జారిపడడం వల్ల ఆలస్యమైంది. ఒళ్లంతా బురదతో వచ్చి, రాతిలో ఉన్న బాణాన్ని చూశాడు. ఎన్నాళ్లుగానో కాచుకున్న మాట నోట్లోంచి తన్నుకొచ్చింది.

"బావా! గురి తప్పింది!"

ఈదమ్మ చటుక్కున లేచింది. "తప్పిందని ఎవరు చెప్పినారు నీకు? ఆ చీలిక చూసినావా, వేలెడు సందు. దాంట్లో కొట్టగలవా అని నేనే పందెం కాసినా. కొట్టినాడు. నువ్వు కొట్టు చూద్దాం."

బయ్యన్న వంగి చూశాడు. చీలిక నిజంగానే వేలెడు సందు. ఇప్పచెట్టు దాకా దూరం లెక్కగట్టుకున్నాడు. నోరు తెరిచాడు. బయ్యన్న కళ్లలో తిరుగులేని భక్తి కనిపించింది. గురవన్న అప్పుడు నోరు మెదపకుండా ఉంటే చాలు, మీసమూ దక్కేది, విల్లూ దక్కేది, కీర్తి రెండింతలయ్యేది. చెయ్యి మీసం దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగింది.

"లేదు బయ్యా" అన్నాడు గురవన్న. "మీ అక్క నన్ను కాపాడాలని చెప్తాంది. రెండేండ్లుగా అదే చేస్తాంది. నేను మీ అక్కనే దుప్పి అనుకుని ఏసినా. తప్పింది."

బయ్యన్న బురద ఒంటితోనే కూర్చుండిపోయాడు.

"గురి తప్పింది" అన్నాడు గురవన్న మళ్లీ. ఆ మాట నోటితో అంటుంటే ఆయనకు ఏదో తోచింది. "గండం తప్పింది. ఒరే బయ్యా, రెండూ ఒక్క బాణమేరా!"

అని ఊరుకోలేదు. లేచి, పారేసిన విల్లు భుజాన వేసుకుని, గూడెం దాకా ఒకటే పరుగు. "తప్పింది! తప్పింది!" అని అరుస్తూ చేతులూపుతూ వస్తున్న పెద్ద వేటగాడిని చూసి, ఇప్పసారా ఎక్కువైందనుకుని ఆడవాళ్లు కుండలు లోపల పెట్టుకున్నారు. ఆయన గూడెం నడుమ నిలబడి అందరికీ అంతా చెప్పాడు. కళ్ల సంగతి చెప్పాడు. రెండేళ్లుగా దుప్పులను చూసింది ఈదమ్మేనని చెప్పాడు. బయ్యన్న వంక తిరిగి, "రెండు రోజులు నీతో మాట్లాడలేదు గదా, అది నీతో వచ్చిన తగాదా కాదు, చీమలపుట్టతో వచ్చింది" అని చెప్పి, ముంతెడు తేనె తిరిగి ఇస్తానని మాట ఇచ్చాడు. విల్లు బయ్యన్న చేతిలో పెట్టాడు. తర్వాత మూతి ముందుకు చాచి, "తియ్యి" అన్నాడు.

బయ్యన్న పదునైన ములికి తీసుకుని ఎడమ పక్క మీసం గొరిగాడు. కుడి పక్కకు వచ్చేసరికి అతనికి ఏడుపు ఆగలేదు. చిన్నప్పటి నుంచి ఆ మీసాన్ని చూస్తూ పెరిగిన మనిషి. "నా వల్ల కాదు బావా" అని ములికి పారేసి వెళ్లిపోయాడు. గూడెంలో ఇంకెవరికీ చెయ్యి రాలేదు. దాంతో గురవన్న సగం మీసంతోనే మిగిలాడు. గంభీరంగా ఏం మాట్లాడినా ఎదుటివాళ్లు నవ్వు ఆపుకోలేకపోవడంతో, సాయంత్రానికి ఈదమ్మే కూర్చోబెట్టి మిగిలిన సగమూ తీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం గురవన్న బోడి మూతితో మిట్ట మీదికి వెళ్లి, ఇప్పచెట్టు కింద కునుకు తీశాడు. కలలో రాతి రంగు మనిషి ఒకడు కుడి భుజం పట్టుకుని ఎదుట నిలబడ్డాడు.

"నువ్వేనా గురవన్నవు? నీ గురి సంగతి ఇరవై ఏళ్లుగా వింటున్నాను. నిన్న తెలిసింది" అన్నాడు భుజం రుద్దుకుంటూ.

"సామీ, నా మొర విన్నది నువ్వేనా?"

"వినకేం? యుగాలుగా ఈ మిట్ట మీద ఉన్నాను. ఏదైనా అడిగిన మానవుడు నువ్వే మొదటివాడివి. తీరా అడిగావు గదా అని చూస్తే, అది తీర్చకూడని కోరిక. నా అవస్థ ఒకసారి ఆలోచించు."

"దుప్పిని నువ్వే పంపినావా?"

"పంపింది నేనే. తుమ్మడం దాని సొంత తెలివి. తుమ్మినా బాణం నీ భార్య దిక్కుకే వస్తోంది. ఇక లాభం లేదని భుజం అడ్డం పెట్టాను."

గురవన్న కలలోనే సాష్టాంగపడ్డాడు. "గుడి కట్టిస్తా సామీ."

"గుడి సంగతి తర్వాత. ముందు ఆముదం కాచి, పసుపు కలిపి ఈ భుజానికి పట్టు వెయ్యి. సలుపుతోంది."

"బాణం పీకేయనా?"

"పీకితే మళ్లీ ఎక్కడో వేస్తావు. ఉండనీ. ఇంకొక మాట. నా మిట్ట మీద మేసే దుప్పి జోలికి ఎవరూ రాకూడదు. అది నాకు పనిచేసి పెట్టింది."

"నిన్ను ఏమని పిలవాల?"

స్వామి కొంచెం ఆలోచించాడు. "ఇన్నాళ్లూ ఎవరూ పిలవలేదు గనుక పేరు అవసరం పడలేదు. నిన్న గూడెం అంతా ఒకటే మాట అరుచుకుంటూ తిరిగావు చూడు, వినడానికి బాగుంది. అదే పెట్టు."

గురవన్న మేలుకుని, ఒక్క పరుగున ఇంటికి వచ్చి, ఈదమ్మను ఆముదం అడిగాడు.

"ఎందుకు? కడుపు బాగలేదా?"

"నాకు కాదు, దేవుడికి."

"దేవుడికి కడుపు బాగలేదా?"

కల అంతా విని ఈదమ్మ లేచింది. ఆముదం కాచి, పసుపు దంచి, పాత చీర చింపి కట్టు గుడ్డ తీసి, తానే ముందు నడిచింది. వాలు మీద రాళ్లున్న చోట, "ఇక్కడ రాయి ఉంది, ఎడమకు రా" అని బాహాటంగానే చెప్పింది. గురవన్న కూడా, "కనపడలేదు, చెయ్యి ఇయ్యి" అన్నాడు. స్వామికి తొలి పట్టు వేసింది ఈదమ్మ. తొలి నైవేద్యం ఆమె ఆ గుంటలోంచి తవ్వి తీసిన గడ్డలు. ఆ ఏడు పెద్ద వేట దుప్పి లేకుండానే అడవితల్లి జాతర జరిగింది. తల్లికీ ఉడికిన గడ్డలే పెట్టారు. ఆ తల్లి కోపగించినట్టు ఎవరూ చెప్పలేదు. తర్వాత కుంభవృష్టి కురిసిందని కొందరు అంటారు గాని, పెద్దలు చెప్పేదాన్ని బట్టి ఆ ఏడూ వానలు అంతంత మాత్రమే. గూడెం గడ్డలతోనే గట్టెక్కింది. ఎక్కడ తవ్వాలో చూపించింది ఈదమ్మ.

గురవన్న స్వామికి తొలి పూజారి అయ్యాడు. పెద్ద వేటగాడైన బయ్యన్న గురి మాత్రం తరచు తప్పేది. తప్పినప్పుడల్లా వచ్చి స్వామి ఎదుట ఒప్పుకునేవాడు. బావ ఓదార్చేవాడు. గురవన్న మళ్లీ మీసం పెంచలేదు.

నేటికీ తోకల వంశం వారే ఇక్కడ పూజారులు. స్వామికి పాలాభిషేకం, తేనె అభిషేకం ఉండవు. ప్రతి ఉదయం గోరువెచ్చని ఆముదంలో పసుపు కలిపి కుడి భుజానికి పట్టు వేసి, తెల్లని గుడ్డతో కట్టు కడతారు. ఆ కట్టు వేసే హక్కు ఆ ఇంటి కోడళ్లది. పూజారి పక్కన నిలబడి గిన్నె అందిస్తాడు. తలనీలాలకు బదులు ఇక్కడ మీసం మొక్కు చెల్లిస్తారు. సగం మొక్కుకున్నవారు సగమే ఇవ్వవచ్చు. అయితే ఇంటికి వెళ్లేదాకా మిగిలిన సగం తీయించుకోకూడదు. బస్సులో సగం మీసంతో మనిషి కనిపిస్తే ఈ చుట్టుపక్కల ఎవరూ నవ్వరు, లేచి సీటు ఇస్తారు.

చైత్ర శుద్ధ దశమి నాడు తిరునాళ్ల. ఆనాడు వెదురు విల్లుతో, ములికి లేని మొద్దు బాణాలతో, గడ్డితో చేసిన దుప్పి మీద గురి చూస్తారు. తప్పినవారికి ముందుగా ప్రసాదం పెడతారు. తగిలినవారు వెళ్లి వరస చివర నిలబడాలి. ప్రసాదం కోసం కావాలని తప్పించే కుర్రకారు ఎక్కువ కావడంతో, కళ్లు మూసుకుని బాణం వేయరాదని దేవస్థానం వారు బోర్డు పెట్టవలసి వచ్చింది.

గురి చూడడం అయ్యాక భక్తులు ఒక్కొక్కరే స్వామి ఎదుటికి వచ్చి, ఆ ఏడు తమకు ఏం తప్పిందో పైకి చెప్పి కొబ్బరికాయ కొడతారు. మీదికి వచ్చిన లారీ తప్పిందని డ్రైవర్లు చెబుతారు. పాము కాటు తప్పిందని రైతులు చెబుతారు. మొన్నటి తిరునాళ్లలో ఒక అమ్మాయి, "మార్కాపురం సంబంధం తప్పింది సామీ" అని చెప్పి రెండు కాయలు కొట్టింది. మండపంలో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ నవ్వుల మధ్యే వెలుగుమల్లె గ్రామానికి చెందిన డెబ్బై ఏళ్ల సుంకులమ్మ వచ్చి నిలబడింది. ఏమి తప్పిందని పూజారి అడిగాడు. "నాకు తెలియకుండా ఎన్ని తప్పినాయో నాకేం తెలుసు నాయనా? వాటికి ఈ కాయ" అని కొట్టింది.  అప్పటికే తమ మొక్కు చెల్లించి మెట్లు దిగుతున్న భక్తులు ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, కింద కొబ్బరికాయల అంగట్లో మరొక్క కాయ కొనుక్కుని, మళ్లీ వరసలో వచ్చి నిలబడ్డారు.